సాయవ్వ లెక్కలో లేని ఆదివారాలు

నిజామాబాద్ వైపు వెళ్లినవాళ్లు చాలామంది కందకుర్తి దాకా పోయి, గోదావరిలో మంజీర కలిసే చోటు చూసి వస్తారు. నేను ఆరు రోజులు ఆ చుట్టుపక్కలే ఉండి కూడా అది చూడలేదు. రోడ్డు పక్కన ఆ ఊరి పేరు రాసిన బోర్డు చూశాను, అంతే. నేను వెళ్లి చూసి వచ్చింది ఒక మనిషి కుడిపాదం.

నాకు ఖమ్మంలో బట్టలు కుట్టే దుకాణం ఉంది. పదో తరగతి తప్పినవాణ్ణి. లెక్కలు మాత్రం నాకు నేనే నేర్చుకున్నాను. ఏ సంవత్సరం ఏ తేదీ అడిగినా అది ఏ వారమో నోటితో చెప్పగలను. నా భార్య పోయాక ఆ అలవాటును లేఖనాల మీదికి తిప్పాను. బైబిల్లో ఒక ప్రవక్త చెప్పిన వెయ్యిన్ని మూడువందల ముప్పై అయిదు దినాలను ఒక రోజు నుంచి మొదలుపెట్టి కూడితే, సరిగ్గా ఈ ఏడు ఈస్టర్‌కు ముందు వచ్చే మట్టల ఆదివారం తగిలింది. మొదటిసారి గాడిద మీద సమాధానంగా వచ్చిన ప్రభువు, ఆ రోజున తెల్ల గుర్రమెక్కి రాజులను జయించడానికి వస్తాడని ఇళ్లల్లో ప్రార్థనలప్పుడు చెప్పాను. ఎవరో ఫోన్‌లో రికార్డు చేశారు. అది ఎన్ని ఊళ్లు తిరిగిందో నాకు తెలియదు.

ఒకరోజు పొద్దున్నే ఎవరో పెద్దావిడ ఫోన్ చేసి, "అయ్యగారూ, ఇంకెన్ని దినాలు?" అని అడిగింది. నేను పాస్టర్‌ని కాదు, అయినా ఆ పిలుపు బాగుండింది. "ఇవాళ్టితో కలిపి అరవై మూడు, అమ్మా" అన్నాను గర్వంగా. ఎందుకు అడుగుతున్నావని అడగలేదు.

యాభై తొమ్మిదో రోజు, బుధవారం, ఆవిడ కూతురు ఫోన్ చేసింది. తన పేరు సుజాత, తల్లి పేరు సాయవ్వ అని చెప్పింది.

"సార్, మా అవ్వకు షుగర్. కాలి ఏళ్లు రెండు నల్లబడ్డయి. కోసెయ్యాలె, లేకుంటె పాదం పోతది, పానం సుత పోతది అన్నరు డాక్టర్లు. ఈమె రాను అంటున్నది. దేవుడొస్తుండు, కొత్త శరీరం ఇస్తడు, గీ నాలుగు దినాలకు కోసుకునుడు ఎందుకు అంటది. నువ్వే జెప్పినవట. నువ్వే వచ్చి జెప్పు."

ఆ రాత్రే దుకాణానికి తాళం వేసి బయలుదేరాను.

పసుపు వాసన

గురువారం మధ్యాహ్నానికి నిజామాబాద్ చేరాను. పసుపు కొమ్ములు మార్కెట్‌కు వచ్చే రోజులు. మా ఖమ్మంలో ఈ కాలానికి మిరపకాయ ఘాటుకు దారిన పోయేవాళ్లు తుమ్ముతారు. ఇక్కడ ఘాటు లేదు, మట్టిలాంటి వాసన. హమాలీల చేతులు, చెవులు, కనుబొమ్మలు అన్నీ పసుపే. వాళ్లలో ఒకాయన చాయ్ దుకాణంలో నా పక్కన కూర్చుని గ్లాసు పట్టుకుంటే గ్లాసు మీద కూడా నాలుగు పసుపు వేళ్లు పడ్డాయి. నేను వాటిని లెక్కపెట్టి, ఆ వెంటనే భయపడి చూపు తిప్పుకున్నాను. ఆ రోజంతా ఎవరి వేళ్లు చూసినా అదే పని.

తనకు చిన్నప్పుడు పాఠాలు చెప్పిన జీవరత్నం సార్ ఇంట్లో దిగమంది సుజాత. ఆయన రిటైరైన చరిత్ర మాస్టారు, మెథడిస్టు సంఘంలో పెద్ద. మా వైపు అతిథికి అన్నం పెడతారు. ఇక్కడ జొన్నరొట్టె, ఎల్లిపాయ కారం, పక్కన గిన్నెడు పచ్చిపులుసు. మూడో రొట్టె వద్దన్నాను.

"తినవయ్యా. ఆదివారం దునియా ఖతమన్నవట గద, ఎవరికోసం దాస్తవు?" అన్నాడు.

చేతిలోని ముక్క పళ్లెంలో పెట్టేశాను. ఆయనే నీళ్లిచ్చి, నా ఉపాయం ఏమిటని అడిగాడు. చెప్పాను. గడువు ఇంకా మూడు రోజులు. ఆదివారం దానంతటదే దాటిపోతుంది. అప్పటిదాకా ఆ ఇంట్లో ప్రార్థన చేస్తూ కూర్చుంటాను. సోమవారం పొద్దున ప్రభువు ఆలస్యం చేశాడని చెప్పి ఆవిడను దవాఖానకు తీసుకుపోతాను.

"అంటే, తప్పు నీది కాదు, దేవునిది" అన్నాడు సార్.

నిజానికి ఆయనకు చెప్పని భయం ఇంకొకటి ఉంది. ఒకవేళ నా లెక్క నిజమైతే? తప్పని చెప్పిన మర్నాడే ఆకాశం తెరుచుకుంటే, ఆ ముసలమ్మ విశ్వాసాన్ని చెడగొట్టినవాడిగా నేను నిలబడాలి. ఎటు చూసినా నా చేతికి నెత్తురు అంటేట్టుంది.

సార్ నెమ్మదిగా చెప్పుకుపోయాడు. "యూదులు గుర్రం మీది రాజును అడిగిండ్రు, గాడిద మీదొస్తె గుర్తువట్టలే అని మనం గుడిల చెప్పుకుంటం. గది సగమే. వాళ్లల్ల గూడ అందరు ఒక్క తీరు లేరు. కొందరు కత్తివట్టిన రాజు అన్నరు, కొందరు యుద్ధాలే లేని కాలం అన్నరు. కొట్లాటల చచ్చిపోయెటాయన ఒకడు, ఏలెటాయన ఒకడు, ఇద్దరొస్తరని అన్నోళ్లు సుత ఉన్నరు. ఒకసారి నిజంగనే ఒకాయన కత్తి వట్టి లేసిండు. వాళ్ల పెద్ద గురువు ఒకాయనే ఈయనే ఆ రాజు అన్నడు. రోము సైన్యం వచ్చింది. ఊర్లకు ఊర్లు పోయినయి. అటెన్క వాళ్ల పెద్దలు ఎవర్ని తిట్టిండ్రో ఎరికేనా?"

"ఎవర్ని?"

"ఆయనొచ్చే దినం లెక్కగట్టెటోళ్లను. దినం తప్పితె జనం ఇంక రాడే అనుకుంటరని."

నేను పళ్లెం పక్కకు జరిపాను.

"ఇంకో ముచ్చట గూడ ఉన్నది వాళ్లకాడ" అన్నాడు సార్. "ఆ రాజు ఇప్పటికే వచ్చి పట్నం దర్వాజ కాడ కూసున్నడట. పుండ్ల రోగులు, బీదోళ్ల నడుమ. అందరు తమ కట్లు అన్నీ ఒకేసారి ఇప్పి, కడిగి, మల్ల కడుతరు. ఆయన ఒక్క కట్టు ఇప్పి, కట్టినంకనే ఇంకోటి ఇప్పుతడట. ఎందుకంటె, ఏ గడియకు పిలుపొచ్చినా లేసి పోవాలె గద. గుర్రం లేదు, గాడిద లేదు. పుండ్లే."

బోధన్, ఆ తర్వాత

శుక్రవారం పొద్దున బోధన్‌లో దిగాను. బజారులో తెలుగు, ఉర్దూ, మరాఠీ ఒకదాని మీద ఒకటి వినిపిస్తాయి. ఒకే ఆమె నిమ్మకాయలను నాకు తెలుగులో, నా వెనకాయనకు మరాఠీలో, పోలీసుకు ఉర్దూలో అమ్మింది. ముగ్గురికీ ధర ఒకటే. చెరుకు రసం గ్లాసు ఇరవై రూపాయలు. మా ఊళ్లో కూడా అంతే, కానీ అక్కడ సగం గ్లాసు ఐసుగడ్డలే. ఊరి చివర మూతబడ్డ చక్కెర ఫ్యాక్టరీ పొగగొట్టం కనిపించింది. దానిలోంచి పొగ రావడం లేదు. చెరుకు మాత్రం ఇంకా పండుతూనే ఉంది, ట్రాక్టర్ల మీద ఎక్కడికో పోతోంది.

రెంజల్ వైపు పోయే బస్సులో కండక్టర్ "ఏడో స్టేజీ" అన్నాడు. నేను వేళ్లు మడిచి లెక్కపెట్టుకుంటూ కూర్చున్నాను. మధ్యలో ఒకావిడ చేయి ఎత్తితే బస్సు పొలాల నడుమ ఆగింది. దాన్నీ కలిపేశాను. అలా ఒక ఊరు ముందే దిగి, బస్సు వెళ్లిపోయాక తెలుసుకున్నాను.

రెండు పక్కలా మనిషి కన్నా ఎత్తు చెరుకు. గాలి లేకుండానే లోపల ఏదో గరగరలాడింది. చెరుకులో అడవి పందులు పడుకుంటాయని విన్నాను. నిలబడితే అదీ నిలబడింది. నడిస్తే అదీ నడిచింది. మూడువందల పన్నెండు అడుగులు పరుగు తీశాక వెనక నుంచి మోటార్ సైకిల్ వచ్చింది. గంగారాం అనే రైతు.

"ఎవలన్నా నువ్వు? గీ ఎండల గిట్ల ఉరుకుతున్నవ్?"

చెప్పాను. సాయవ్వ పేరు వినగానే, "అరె, దేవుడొస్తడని కాలు కుళ్లవెట్టుకున్న అవ్వ గద! ఎక్కు, ఎక్కు" అన్నాడు. నేనే ఆ దినం చెప్పినవాణ్ణని చెప్పలేకపోయాను.

దారిలో ఆయనే అన్నాడు. "మా దేవుడు సుత ఆఖరుకు తెల్ల గుర్రం మీదనే కత్తివట్టుకొని వస్తడంటరన్నా. వచ్చి ఎవల్ని నరుకుతడో ఎరికలేదు. నాకైతె గాయన రాకముందు చెరుకు నరికెటోళ్లు దొరికితె సాలు." తన మాటకు తానే నవ్వి, కొంతసేపటికి గొంతు తగ్గించాడు. "మా చేన్ల ఇరవై ఏండ్లు కొట్టింది సాయవ్వ. ఆమె కోత కోస్తె మోడు నేలకు సమంగ ఉంటుండె. జెర జల్ది తీస్కపో అన్నా."

గుమ్మం మీది కట్ట

రెండు గదుల ఇల్లు. గుమ్మం పైన ఎండిన ఈత మట్టను సిలువలా మడిచి దోపారు. మా వైపు మట్టల ఆదివారానికి తాటి మట్టలు పట్టుకుని, సాయంత్రానికి గొడ్లకు వేస్తాం. ఇక్కడ మరుసటి ఏడు దాకా గుమ్మం పైనే ఉంచుతారట.

లోపల వేపాకు పొగ వేశారు. దాని కింద ఉన్న వాసన అయినా దాగలేదు. సాయవ్వ మంచం మీద కూర్చుని ఉంది. అరవై దాటి ఉంటాయి. చేతులు మాత్రం ఇంకా గట్టివి. కుడికాలికి రెండు కట్లు, వేళ్ల దగ్గర ఒకటి, మడమ దగ్గర ఒకటి.

"వచ్చినవా అయ్యగారూ! ప్రభువుకన్న ముందు నువ్వే వచ్చినవ్" అని సంతోషపడింది. సుజాత నా వైపు చూసిన చూపు మాత్రం సంతోషంగా లేదు.

కూర్చున్నాను. ఉపాయం ప్రకారం ప్రార్థన మొదలుపెట్టబోయాను. "ఇంకెంత, రెండే రోజులు" అన్నాను.

"రెండెక్కడివి? పది" అంది సాయవ్వ.

గుమ్మం మీది మట్ట వెనక నుంచి సుజాత ఒక చిన్న కట్ట తీసి ఇచ్చింది. పోయిన ఏటి ఈతాకు పుల్లలు, దారంతో కట్టినవి. ఫోన్ చేసిన రోజున సాయవ్వ అరవై మూడు పుల్లలు లెక్కపెట్టి కట్టిందట. రోజుకొకటి తీసి పొయ్యిలో వేస్తుందట. నేను లెక్కపెట్టాను. పది. మళ్లీ లెక్కపెట్టాను. అరవై మూడులో అరవై ఒకటి పోతే రెండే ఉండాలి.

"ఎప్పుడైనా తీయడం మరిచిపోయావా అమ్మా?"

"మర్సుడేంది? ఐతారం తియ్య."

"ఎందుకని?"

నన్ను పసిపిల్లాడిని చూసినట్టు చూసింది. "ఐతారం పని లేదు గద. మా గుంపుల ఐతారం హాజరు పడదు. హాజరు పడని దినం దినమెట్లయితది?"

ఎనిమిది ఆదివారాలు. నేను నోటితో కాదు, వేళ్లతో కూడాను. ఈ పది పుల్లలు అయిపోయేది ఆదివారం కాదు, ఇంకా పన్నెండు రోజులకు. నా ఆదివారం దాటినా ఈవిడకు ఏమీ దాటదు. సోమవారం నేను ఏ అబద్ధం చెప్పినా, "ఇంక పుల్లలున్నయి" అంటుంది. చెరుకు కొట్టే గుంపులో ఇరవై ఏళ్లు నేర్చుకున్న లెక్క అది, నా లెక్క కన్నా గట్టిది. ఆవిడ పన్నెండు రోజులు ఆగుతుంది. ఆ కాలు ఆగదు.

నా ఉపాయం అక్కడే కూలింది. పుల్లల కట్టను మంచం మీద పెట్టాను.

"అమ్మా, నా లెక్క తప్పు."

"ఐతారాలు కలుపుమంటవా?"

"కాదు. మొత్తం తప్పు. ఆదివారం రాడు. నీ పుల్లలు అయిపోయిన రోజూ రాడు. అంటే... వస్తాడో రాడో నాకు తెలియదు. నాకేమీ తెలియదు."

వీధిలో ట్రాక్టర్ ఒకటి పోయింది. సాయవ్వ నన్ను ఇంతవరకు ఏ పాస్టరూ అడగని మాట అడిగింది.

"మొదటి హాజరు ఎవలు వేసిండ్రు?"

"ఏమిటి?"

"నీ దినాలకు మొదటి దినం ఉంటది గద. అది ఎవలు వెట్టిండ్రు? బైబిల్ల ఉన్నదా?"

"లేదు. నేనే పెట్టాను. నా భార్యను మట్టి చేసిన రోజు అది."

సుజాత చేతిలోని చెంబు కింద పెట్టింది. సాయవ్వ తిడితే బాగుండు అనిపించింది. ఆవిడ "ఏం పేరు?" అంది.

"శాంతమ్మ."

"ఆమె తొందరగ లేసి రావాలని గట్ల పెట్టుకున్నవ్."

అవునన్నాను. ఆ మాట నేను ఎవరితోనూ అనలేదు, నాలో నేను కూడా అనుకోలేదు.

"గుర్రం సుత రాదా మల్ల?" అంది. ఈసారి ఆ గొంతులో భయం వినబడింది. అరవై రోజులుగా ఆవిడ ఆ గుర్రాన్ని పట్టుకుని నొప్పి భరించింది. దాన్ని నేను లాగేశాను. చేతిలో పెట్టడానికి నా దగ్గర ఏమీ లేదు. ఉన్నది ముందురోజు విన్న ముచ్చట ఒక్కటే. దర్వాజ దగ్గర కూర్చున్న రాజు గురించి, ఒక్కొక్క కట్టు గురించి చెప్పాను. నాకు వచ్చినట్టు, తడబడుతూ చెప్పాను.

"యూదులు చెప్పుకుంటరా గిది?"

"వాళ్ల పెద్దలు."

"అంటె ఆయనకు సుత పుండ్లున్నయి" అంది సాయవ్వ. పాదం వైపు చూసుకుంది. "ఇప్పు తమ్మి. సూద్దాం."

అయ్యగారు పోయి తమ్ముణ్ణయ్యాను. నాకు నెత్తురు చూస్తే కళ్లు తిరుగుతాయి. అయినా వేళ్ల కట్టు ఒక్కటే విప్పాను, మడమది ముట్టుకోలేదు. నలుపు దాటకూడని గీత ఒకటి డాక్టర్ పెన్నుతో వేశాడని సుజాత చెప్పింది. గీత కనిపించలేదు. నలుపు దాని మీదుగా ఎప్పుడో దాటిపోయింది. నల్లబడ్డ వేళ్లు ఇప్పుడు నాలుగు. జేబులో కొలత టేపు ఉంది. తీయలేదు. సాయవ్వ వంగి చూసింది. చెరుకు గడ ఎక్కడిదాకా పుచ్చిందో చూసే చూపు అది.

"గీడికి కొట్టాలె" అని వేలితో పాదం సగం దగ్గర చూపించింది. "ఆటో పిలువు బిడ్డా."

ఆదివారం

నిజామాబాద్ దవాఖానలో శనివారమంతా షుగర్ దించడానికే పోయింది. ఆలస్యమైంది, ప్రాణానికి పూచీ చెప్పలేమని డాక్టర్ సుజాతతో అన్నాడు. నా వైపు చూసి "మీరేమవుతారు?" అని అడిగాడు. "మా మామ" అంది సుజాత. అలా ఎందుకందో ఇప్పటికీ తెలియదు.

ఆదివారం తొమ్మిది గంటలకు లోపలికి తీసుకుపోయారు. నా వెయ్యిన్ని మూడువందల ముప్పై అయిదో దినం అదే. వరండాలో బల్ల మీద కూర్చున్నాను. వీధిలో సంఘం వాళ్లు మట్టలు పట్టుకుని హోసన్నా అని పాడుతూ పోతున్నారు. ముందు జీవరత్నం సార్ కనిపించాడు. పెళ్లి బారాత్ గుర్రం ఒకటి, ఎవరో తోలుకుపోతున్నది, ఊరేగింపు దాటడం కోసం పక్కకు ఆగి ఉంది. తెల్లది. దాన్ని చూడగానే బల్ల మీంచి లేచి నిలబడ్డాను. గుర్రం తల విదిలించి, తోకతో ఈగలు తోలుకుంది. ఆకాశం వైపు చూశాను. ఎండ తప్ప ఏమీ లేదు. ఆయన వస్తే ఏమవుతుందోనని భయం, రాకపోతే ఏమవుతుందోనని భయం, తలుపు తెరుచుకుంటే అన్నిటికన్నా భయం.

పన్నెండు దాటాక తలుపు తెరుచుకుంది. పాదంలో ముందు సగం తీసేశారు. మనిషి దక్కింది. నేను గోడ వైపు తిరిగి ఏడ్చాను. ఎంతసేపో చూసుకోలేదు.

మంగళవారం బయలుదేరే ముందు చూడబోయాను. మొహం పీక్కుపోయింది, కళ్లలో ప్రాణం ఉంది. దిండు కింద నుంచి పది పుల్లల కట్ట తీసి నా చేతిలో పెట్టింది.

"నీవే గద, నువ్వే వెట్టుకో. అక్కర్లేకుంటె పొయ్యిలెయ్యి."

అప్పుడే నర్సమ్మ కట్టు మార్చడానికి వచ్చింది. పాదానిదీ మడమదీ రెండు కట్లూ కలిపి విప్పబోయింది. సాయవ్వ చేయి పట్టుకుంది.

"ఒక్కటొక్కటి ఇప్పు బిడ్డా."

"ఎందుకవ్వా? రెండు ఒక్కసారి అయితె నీకే జల్ది అయితది."

"రెండు ఇప్పినంక పిలుపొస్తె ఎట్ల పోవాలె?"

నర్సమ్మ నవ్వి, ఒకటే విప్పింది. నేను నవ్వలేదు. వార్డు తలుపు వైపు చూశాను. ఎవరూ పిలవలేదు. అయినా బస్సు వేళయ్యేదాకా అక్కడే నిలబడి, రెండో కట్టు కట్టడం పూర్తయ్యాకే బయటికి నడిచాను.